తుపాకీ చల్లారేదాకా

మా బాబా పోయాడు. తెల్లవారగానే పెద్ద కొడుకు ఆస్పత్రి నుంచి వచ్చి, గేటు పక్కనున్న నా గది తలుపు తట్టి "బాబా ఖలాస్" అన్నాడు. నేనప్పటికే బండి తుడిచి, ఫ్లాస్కులో కహ్వా పోసుకుని ఉన్నాను. ఆస్పత్రిలో ఆయనను కాఫీ తాగనివ్వరు. మూత తీస్తే వాసనైనా చూస్తాడని రోజూ పట్టుకుపోయేవాణ్ణి. ఆ ఫ్లాస్కు చేతిలో ఉండగానే వాకిట్లో నిలబడిపోయాను. కాసేపటికి బంధువుల బండ్లు వరసగా వచ్చాయి. వాళ్ళ మనిషి పోయాడు, వాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి ఏడ్చారు. నా మనిషి కూడా పోయాడని చెప్పుకోవడానికి నాకు ఏ వరసా లేదు. బండ్లు ఎక్కడ ఆపాలో చేత్తో చూపిస్తూ ఉండిపోయాను.

ఎవరీ బాబా అంటారేమో. నేను జగిత్యాల దిక్కువాణ్ణి. మొదట కంపెనీ వీసా మీద ఒమన్‌కు వచ్చి సైట్లలో ఇనుము వంచాను. నడుము మొరాయించాక సీబ్ అనే ఊళ్ళో ఒక ముసలాయన ఇంట్లో డ్రైవర్ పని దొరికింది. ఆ ముసలాయనే బాబా. ఇంట్లో అందరూ అట్లా పిలుస్తుంటే నేనూ పిలిచాను. ఇల్లాలు పోయి చాలా ఏండ్లయింది. కొడుకులు అదే ప్రహరీ లోపల ఉన్నా ఎవరి ఇల్లు వాళ్ళది, ఎవరి ఫోను వాళ్ళది. ఆయన నన్ను 'వలద్' అనేవాడు. పిలగాడని అర్థం. మీసాలు నెరిసినవాణ్ణి పట్టుకుని పిలగాడనడం ఏమిటని మొదట్లో చిరాకు పడ్డాను. ఇప్పుడు నన్ను పిలగాడనేవాళ్ళు ఈ భూమ్మీద ఎవరూ మిగల్లేదు.

మా మాటలు సగం హిందీ, కొంత అరబ్బీ, మిగతాది చేతులు. ఆయన ఏమన్నా నా చెవిలో మా ఊరి మాటలుగానే పడేది. అందుకని ఇక్కడ అట్లనే రాస్తున్నాను.

చేరిన మొదటి రోజే నన్ను మజ్లిస్‌లో, అంటే వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే ముందుగదిలో, కూర్చోమని ఖర్జూరాలు పెట్టి, చెవి లేని చిన్న గిన్నెలో కహ్వా పోశాడు. ఆ గిన్నెను ఫింజాన్ అంటారు. తాగి ముందుకు చాపాను. మళ్ళీ పోశాడు. పెద్దమనిషి తన చేత్తో పోస్తుంటే వద్దంటే ఏం బాగుంటుందని అదీ తాగాను. మళ్ళీ పోశాడు. ఏలకుల వాసన, గొంతు పట్టుకునే చేదు, చక్కెర ఊసే లేదు. మర్యాదకు పోయి నేను తాగుతున్నాను, మర్యాదకు పోయి ఆయన పోస్తున్నాడు. చివరికి ఆయనే ఆగాడు.

"నీ కడుపుల బాయి గిట్ల తవ్విన్రా, వలద్?"

"మీరు పోస్తున్రు, నేను తాగుతున్న బాబా."

"చాలనుకుంటే గిన్నె ఊపాలె. ఊపకపోతే ఇంకా కావాలన్నట్టు. నువ్వు ఊపేదాకా పోసుడు నా ధర్మం."

చాలు అనడానికి ఇక్కడ నోరు అక్కర్లేదు. ఫింజాన్‌ను వేళ్ళ మధ్య కాస్త అటూ ఇటూ ఊపితే పోసేవాడికి తెలిసిపోతుంది. ఆ సంగతి తెలియక నేను తాగిన కహ్వాకు రోజంతా గుండె దడదడలాడింది. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ బాబా ఈ కథ చెప్పి నవ్వించేవాడు, నన్ను పక్కన నిలబెట్టుకుని మరీ.

ఇక తుపాకీ సంగతి. ఆయన చిన్నప్పుడు వాళ్ళ నాయన వెంట కొండల్లోకి వేటకు పోయేవాడట. ఇప్పుడు వేట నిషేధం. మంచిదే, ఆ జీవాలన్నా బతుకుతాయి అనేవాడు. కానీ గురికొట్టే పోటీ అంటే ఇక్కడి పెద్దవాళ్ళకు ప్రాణం. పాతది అరిగిపోయిందని, లైసెన్సు కాగితాలన్నీ సరిచేయించుకుని కొత్త వేట తుపాకీ తెచ్చుకున్నాడు. "ఇగ నేను వేటాడేది కాయితాన్నే," అని నవ్వాడు. చూపు ఆననివాడికి తుపాకీ ఎందుకని పెద్ద కొడుకు సణిగాడు. ఆ సణుగుడులోకి నా సంగతి కూడా వచ్చిపడింది. నా వీసా రెన్యువల్‌కు వచ్చి ఉంది.

"ఇంటినిండ బండ్లున్నయ్, నడిపెటోళ్ళం మేమున్నం. ఇంక ఈ డ్రైవర్ ఎందుకు బాబా?" అన్నాడు కొడుకు. నేను కూరగాయల సంచీ పట్టుకుని అక్కడే ఉన్నాను.

బాబా తుపాకీ కట్టెను గుడ్డతో రుద్దుతూ తల ఎత్తకుండానే చెప్పాడు. "కొత్త తుపాకిని మచ్చిక చేసుకోవాలె. దానికి ఏ తూట పడ్తదో చూసుకోవాలె. కాయితం మీద పెద్ద చుక్క ఆనుతది గని చిల్లు నాకు కనబడది, చూసి చెప్పెటోడు కావాలె. తుపాకి తయారైనంక పంపియ్యి. అప్పటిదాకా ఈ పిలగాడు ఉంటడు."

కొడుకు సరేనన్నాడు. అట్లా నా కొలువు ఒక తుపాకీకి ముడిపడింది. అది ఎంత తొందరగా తయారైతే నేను అంత తొందరగా ఇంటికి. అప్పటికి నా బిడ్డ హైదరాబాద్‌లో నర్సింగ్ చదువుతోంది. నేను పంపితేనే ఆమె చదువు. ఊళ్ళో నాకు వేరే ఆధారం లేదు, మళ్ళీ ఇనుము వంచడానికి నడుమూ లేదు. తుపాకీ ఆలస్యంగా తయారు కావాలని మా కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాను. అంజన్న నవ్వుకుని ఉంటాడు.

సీబ్ దాటి కొండల్లోకి పోతే గురికొట్టుకోవడానికి అనుమతి ఉన్న మైదానం ఒకటుంది. వెనక నిటారుగా రాతిగుట్ట, ముందంతా గులకరాళ్ళు, నీళ్ళు పారిన గుర్తులు, ఎక్కడో ఒక తుమ్మచెట్టు. శుక్రవారం పొద్దున్నే పోయి నమాజు వేళకు తిరిగొచ్చేవాళ్ళం. కొత్త తుపాకీతో ఆయన పద్ధతి ఇదీ. ఒక తూటా కొట్టాలి. కడ్డీతో గుడ్డముక్క గొట్టంలోకి తోసి తుడవాలి. ముందు నల్లటి మసి వస్తుంది, ఆ తర్వాత రాగి చిలుము పచ్చగా. గుడ్డ తెల్లగా వచ్చాక, గొట్టం చల్లారేదాకా ఆగి, అప్పుడు ఇంకో తూటా. గొట్టం లోపలి గరుకు అట్లా మెల్లమెల్లగా నునుపుదేలుతుందట. వేడి మీద కొట్టుకుంటూ పోతే గురి చెదురుతుందట. ఇదంతా చాదస్తమనే షికారీలు కూడా ఉన్నారు. బాబా ముందు ఆ మాట అనేవాళ్ళు లేరు.

నన్ను మాత్రం తుపాకీ ముట్టనివ్వలేదు. "లైసెన్సుల నీ పేరు లేదు," అని మొదటి రోజే చెప్పాడు. చివరిదాకా అదే మాట. నా పని మూడుకాళ్ళ దుర్బీనులోంచి చూసి చిల్లు ఎక్కడ పడిందో చెప్పడం, గుడ్డముక్కలు కత్తిరించి అందించడం, కహ్వా పోయడం. గొట్టం చల్లారేదాకా మాట్లాడటం అనేది ఎవరూ చెప్పని పని. అసలు పని అదేనని నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది.

ఒకసారి నేను ఫోన్లో ఇంటిదానితో మాట్లాడుతుంటే అది "చాయ్ సల్లారనీ, నాలుక కాల్తది" అని ఎవరినో గదమాయించింది. స్పీకర్లో విని బాబా అర్థం అడిగాడు. చెప్పాను. అప్పటి నుంచి తూటా కొట్టిన ప్రతిసారీ తుపాకీని చాప మీద పడుకోబెట్టి, నా వైపు తిరిగి "సల్లారనీ" అనేవాడు. ఆయనకు వచ్చిన తెలుగు ఆ ఒక్క మాటే.

దుకాణంలో దొరికే గుడ్డముక్కలు ఆయనకు నచ్చలేదు. నా పాత లుంగీ చింపి ఇచ్చాను. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు, గొట్టంలోకి చక్కగా పోయింది. లుంగీలన్నీ అయిపోయాయని చెబితే ఇంటిది నవ్వాపుకోలేకపోయింది. "తుపాకికి లుంగి కడ్తున్నవా? ఇగ కొన్నొద్దులకు దానికి పెండ్లి చేస్తవ్," అంది. ఊరి నుంచి వచ్చేవాళ్ళతో పాత నూలుబట్టల మూట పంపింది. అందులో తన చీర ముక్క ఒకటి ఉంది, ఆకుపచ్చ మీద చిన్న పువ్వులది. బాబా దాన్ని వేళ్ళతో పట్టుకుని ఎవరిదని అడిగాడు. చెప్పాను. మడతపెట్టి నాకే ఇచ్చేశాడు. "ఇది మసిల పెట్టే బట్ట కాదు. ఫ్లాస్కుకు చుట్టు, వేడి నిలుస్తది," అన్నాడు. అప్పటి నుంచి మా ఫ్లాస్కు చీర కట్టుకునే వచ్చేది.

తుడవడం అలవాటయ్యాక తూటాల వంతు. అదీ మనుషుల లాగానే. ఒకరికి జొన్నరొట్టె పడుతుంది, ఒకరికి పడదు. ఒక్కో రకం తూటాలో ముందుండే సీసం బరువు వేరు, లోపలి మందు వేరు. లైసెన్సున్న దుకాణం నుంచి రకానికో డబ్బా తెచ్చేవాడు. పెట్టె మీద రాత ఆయనకు ఆనదు, నాకు రాదు. అందుకని ఒక్కో డబ్బాకు ఒక్కో రంగు దారం కట్టాడు. ఎర్రదారం తూటాలు కాగితమంతా చెల్లాచెదురయ్యేవి. పసుపువి ఎప్పుడూ ఎడమకే పోయేవి. "దీనికి అజీర్తి చేసింది," అనేవాడు బాబా. ఒక రకం పడకపోతే ఆయనకు కోపం రాదు. నాకే వచ్చేది, ఎండలో కూర్చున్నది నేను కదా.

"ఎన్నిరోజులు బాబా ఇట్లా? మాదాంట్ల ఆలస్యం అమృతం విషం అంటరు," అన్నాను ఒకసారి, నా మొక్కు సంగతి మరిచిపోయి.

"మాదాంట్ల తొందర సైతాన్ పని అంటరు." మళ్ళీ తనే అడిగాడు, "ఆ అమృతం మీల ఎవరన్న తాగిన్రా?"

"లేదు."

"మరి విషమైందో లేదో మీకెట్ల తెల్సు?"

చల్లారే వేళల్లో ఆయన అడిగేది మాత్రం ఎప్పుడూ నా బిడ్డ గురించే. ఏ సంవత్సరం, ఏం చదువుతోంది, సూది వెయ్యడం వచ్చిందా, ఇంకెంత చదువు మిగిలింది. ఆయన మనవళ్ళ చదువులు కూడా అంత వివరంగా అడిగి ఉండడు. ముసలాయనకు తోచక అడుగుతున్నాడని అనుకునేవాణ్ణి. వాళ్ళ నాయన గురించి, ఒక కొండమేకను వెంబడించి దారి తప్పిన రోజు గురించి తనూ చెప్పేవాడు. తను మాట్లాడి, నేను మాట్లాడి, ఆ తర్వాత ఇద్దరం ఊరుకున్నా గుట్ట మీది నుంచి గాలి వస్తూనే ఉండేది. అంత సుఖంగా నేను ఎవరి పక్కనా ఊరుకుని కూర్చోలేదు.

తుపాకీ తయారైందని తేల్చడానికి ఆయనకో పరీక్ష ఉంది. మూడు తూటాలు కొట్టి, కాగితం తెచ్చి, చిల్లుల మీద ఫింజాన్ బోర్లించాలి. మూడూ గిన్నె కిందికి వస్తే తయారైనట్టు. వాళ్ళ నాయన అట్లాగే చూసేవాడట. పెద్ద కొడుక్కి కూడా ఈ పరీక్ష తెలుసు.

ఆకుపచ్చ దారం డబ్బా తెచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మొదటి తూటా నడిమధ్యన పడింది. రెండోది దాన్ని ఆనుకుని. మూడోది నాకు దుర్బీనులో కనబడలేదు, ఎందుకంటే మొదటి చిల్లును కొంచెం పెద్దది చేసి అందులోంచే పోయింది. అంటే ఇక నా కొలువు అయిపోయినట్టే. పోయి కాగితం తెచ్చాను. బాబా చాప మీద పరిచి, వేలితో తడిమి, ఫింజాన్ బోర్లించాడు. మూడూ గిన్నె కిందే. గిన్నె లోపల ఇంకా బోలెడు చోటుంది. ఆయన చాలాసేపు ఆ గిన్నెను చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఒకటి బయట ఉంది," అన్నాడు.

"ఏది బాబా? ఒక్కటి గూడ..."

"ఒకటి బయట ఉంది, వలద్. నీ కండ్లు చూపెట్టుకో."

అప్పుడు అర్థమైంది నాకు. "అవును బాబా, ఒకటి బయట ఉంది," అన్నాను. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, కహ్వా పొయ్యమన్నాడు. ఆ తర్వాత కూడా ప్రతి శుక్రవారం పోయేవాళ్ళం. ప్రతిసారీ ఒకటి బయట ఉండేది. ఇంట్లో కొడుకు అడిగితే బాబా పెదవి విరిచేవాడు. "మొండి తుపాకి. ఇంక టైం పడ్తది."

దీనికి ఆయన ఏం వదులుకున్నాడో చెప్పకపోతే నా రాత దండగ. ఆ తుపాకీ తెచ్చుకున్నదే పోటీ కోసం. తయారు కాని తుపాకీని పోటీకి ఎట్లా తీసుకుపోతాడు? తీసుకుపోతే తయారైనట్టే కదా. ఆ యేడు ఈద్ తర్వాత పోటీ జరిగితే ఆయన పేరు ఇవ్వలేదు. మరుసటి యేడూ ఇవ్వలేదు. పాత దోస్తులు ఫోన్ చేసి ఎగతాళి చేశారు, ముసలితనం వచ్చిందా అని. నవ్వి ఊరుకున్నాడు. ఆ రెండోసారి పోటీ రోజున నన్ను బండి తియ్యమని, పోటీ జరిగే చోటికి కాస్త దూరంలో రోడ్డు పక్కన ఆపించాడు. అద్దం దించి తుపాకుల మోత వింటూ కూర్చున్నాడు. ఏ మోత ఎవరిదో చెప్పేవాడు. "ఇది మా దోస్తుది. తొందరపడ్డడు." నేను స్టీరింగ్ మీద తల వంచుకుని ఏడ్చాను. ఆయన నా వైపు చూడలేదు.

"బాబా, నేను ఇంటికి పోత. మీరు పోటీకి పోండ్రి," అన్నాను.

"పోటీ ఏడాదికొక్కసారి వస్తది. బిడ్డ సదువు నడుమ ఆగితే మల్ల వస్తదా?" అన్నాడు. ఆ విషయం మా ఇద్దరి మధ్య బయటికి మాట్లాడింది ఆ ఒక్కసారే. ఆ మధ్యాహ్నం ఇంటికెళ్ళే దారిలో ఖర్జూరాలు కొనిపించి, సగం నాకిచ్చాడు.

ఈ యేడు ఎండలు మొదలవుతుండగా నా బిడ్డ చదువు పూర్తయింది. హైదరాబాద్‌లోనే ఆస్పత్రిలో ఉద్యోగం కూడా వచ్చింది. ఆ శుక్రవారం గొట్టం చల్లారుతుండగా చెప్పాను. బాబా లేచి, ఆకుపచ్చ దారం డబ్బా విప్పి, మూడు తూటాలు కొట్టాడు. ఒక్కోదానికి చల్లారేదాకా ఆగి మరీ కొట్టాడు. కాగితం తెచ్చాక ఫింజాన్ బోర్లించి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"అన్నీ లోపలే," అన్నాడు. "ఇగ తయారైంది. ఈసారి పోటీకి పోదాం. అది సూసి నువ్వు ఇంటికి పోదువు."

పోటీ దాకా ఆయన ఉండలేదు. ముందు దగ్గు, తర్వాత ఆయాసం, ఆ తర్వాత ఆస్పత్రి. తుపాకీ తయారైన సంగతి కొడుక్కి చెప్పే తీరిక కూడా దొరకలేదు. చివరి వారంలో నేను ఫ్లాస్కు మూత తీసి ముక్కు దగ్గర పెడితే కండ్లు మూసుకుని పీల్చేవాడు. నర్సు వచ్చి తీసెయ్యమంటే, ఆమెను చూపించి "మన బిడ్డ గిట్లనే ఉంటదా?" అని అడిగాడు. మన బిడ్డ అన్నాడు.

ఖననం అదే రోజు అయిపోయింది. శ్మశానం గోడ బయట, మిగతా డ్రైవర్లతో పాటు బండి దగ్గర నిలబడ్డాను. పరామర్శ మూడు రోజులు మజ్లిస్‌లో. చివరి రోజు, జనం పలచబడ్డాక, నేనూ లోపలికి పోయి తలుపు దగ్గర కూర్చున్నాను. కహ్వా పోసే మనిషి నాకూ పోశాడు. తాగి చాపాను. మళ్ళీ పోశాడు. ఊపితే అయిపోతుంది కదా. నా చెయ్యి ఊపలేదు. మళ్ళీ పోశాడు, మళ్ళీ తాగాను. నా కథ బాబా నోట విన్న చుట్టాలు కొందరు అక్కడే ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. పెద్ద కొడుకు లేచి వచ్చి, నా చేతిలోంచి గిన్నె మెల్లగా తీసుకుని, తనే ఊపి పక్కన పెట్టాడు.

తుపాకీ కాగితాలు తన పేరుకు మారాక ఒక శుక్రవారం పెద్ద కొడుకు నన్ను మైదానానికి తీసుకుపొమ్మన్నాడు. అలవాటు కొద్దీ ఫ్లాస్కు పెట్టుకున్నాను. ఆయన మంచి గురికాడే. ఆకుపచ్చ దారం తూటాలు మూడు, ఒకదాని వెనక ఒకటి, చల్లారనివ్వకుండా కొట్టేశాడు. కాగితం తెచ్చాను. బాబా ఫింజాన్ ఆయనే బోర్లించాడు. మూడూ కిందే.

"ఇది తయారు కాలేదన్నడు బాబా. రెండేండ్లు అదే మాట," అన్నాడు నన్ను చూస్తూ.

ఒకటి బయట ఉంది అని నేను అనొచ్చు. కానీ అది ఇద్దరం కలిసి ఆడిన అబద్ధం. ఒక్కణ్ణే ఆడటానికి నోరు రాలేదు. "ఎప్పుడో తయారైంది అర్బాబ్," అన్నాను. ఇక్కడ యజమానిని అట్లనే పిలుస్తారు.

"మరి పోటీకి ఎందుకు పోలేదు?"

"తయారైతే మీరు నన్ను పంపుతరని. నా బిడ్డ సదువయ్యేదాకా ఆపిండు. ఇప్పుడు అయిపోయింది. నన్ను పంపియ్యండ్రి."

ఆయన గిన్నెను చేతిలోకి తీసుకుని తిప్పాడు. "నాకొక్క మాట చెప్తే అయిపోతుండె గదా," అన్నాడు. నాతో అన్నట్టు లేదు. కహ్వా పొయ్యనా అని అడిగాను. తల అడ్డంగా ఊపి, ఫింజాన్ నా చేతిలో పెట్టి, తుపాకీని గుడ్డసంచిలో దూర్చి వెనక సీట్లో పెట్టేశాడు.

ఇంటి దగ్గర ఆయన దిగి ఫోన్ మాట్లాడుతూ నీడకు పోయాడు. నేను ఫ్లాస్కు తీసుకుందామని వెనక తలుపు తెరిచాను. మలుపుల్లో జారి తుపాకీ సంచి ఫ్లాస్కు మీదికి ఒరిగి ఉంది. చీర ముక్కను లాగబోతే నా చెయ్యి సంచికి తగిలింది. ఇన్నేండ్లలో దాన్ని తాకడం అదే మొదలు. గుడ్డ మీది నుంచే తెలిసింది, గొట్టం ఇంకా వెచ్చగానే ఉంది.